టీకాల కార్డు చూసి కుక్కను కొనకండి, రక్తపరీక్ష చూసి కొనండి

కుక్కపిల్లనో, కాస్త పెరిగిన కుక్కనో కొనే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పిడుదుల వల్ల వచ్చే జబ్బు (టిక్ ఫీవర్) ఉన్న కుక్కను టీకాల కార్డు చూపించి మాకు అమ్మారు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు రాస్తే గొడవంతా ఆ మనిషి చుట్టూ తిరుగుతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది. పైగా ఇలా అమ్మేవాళ్లు ఒక్కరే అయితే ఇంత పొడుగు పోస్టు అక్కర్లేదు.

మేం తీసుకున్నది ఏడాది లోపు జర్మన్ షెపర్డ్. వొంటి మీద వెంట్రుక మెరుస్తోంది, పిలిస్తే పరిగెత్తుకొచ్చింది, టీకాల కార్డులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. పిడుదుల సంగతి అడిగితే, "అబ్బే, ఇంజెక్షన్ చేయించాం కదండీ, ఒక్కటి కూడా ఉండదు" అన్నారు. అప్పుడే స్నానం చేయించి తెచ్చారు కాబట్టి పైకి నిజంగానే ఏమీ లేవు. ఇంటికొచ్చి వారం తిరగకముందే తిండి మానేసింది. ఒళ్లు కాలిపోతోంది, లేవమంటే లేవదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పొట్ట కింది చర్మం మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు. కాలివేళ్ల సందులు విప్పి చూసిన డాక్టరు ఆవగింజల్లాంటి పిడుదు పిల్లల్ని బయటికి తీశారు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, ఎర్రకణాలు కూడా. రక్తపు చుక్కను స్లైడు మీద సూక్ష్మదర్శినిలో చూస్తే అనుమానం, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షతో ఖాయం: బెబీసియా గిబ్సోనై ఒకటి, దానికి తోడు ఎర్లికియా కానిస్, రెండూ పిడుదులు రక్తంలోకి ఎక్కించే క్రిములే. ఒకే పిడుదు గుంపు నుంచి రెండు మూడు జబ్బులు కలిసి రావడం మామూలేనట.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు మీకూ రావచ్చు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నా: "మా దగ్గరున్నన్నాళ్లూ బ్రహ్మాండంగా ఉంది. మీ ఇంటికొచ్చాకే ఏదో పట్టింది. కార్డు చూశారు కదా!"

ఈ జవాబులో రెండు మాయలున్నాయి.

మొదటిది కార్డు. కుక్కలకు మామూలుగా వేసే టీకాలు డిస్టెంపర్, పార్వో, కాలేయపు వాపు తెచ్చే అడెనో వైరస్, లెప్టోస్పైరా, రేబీస్ లాంటి వాటికి. టిక్ ఫీవర్ అని మనం ఒకే పేరుతో పిలిచే గుంపులో ఏ జబ్బుకూ ఆ కార్డులో గడి లేదు. ఎర్లికియాకు వాడుకలో టీకానే లేదు. బెబీసియాకు ఐరోపాలో ఒక టీకా వాడారు గానీ, అది జబ్బు తీవ్రతను తగ్గించేదే తప్ప సోకకుండా ఆపేది కాదు. కాబట్టి కార్డు నిండుగా ఉండడం మంచిదే, కానీ పిడుదుల జబ్బు గురించి అడిగినప్పుడు కార్డు చూపిస్తే అది అడిగినదానికి జవాబు కాదు.

రెండో మాయ తేదీలది. పిడుదు కరిచిన మర్నాడే జబ్బు బయటపడదు. ఎర్లికియా లక్షణాలు కనిపించడానికి సుమారు 8 నుంచి 20 రోజులు పడుతుంది. బెబీసియాకు 10 రోజుల నుంచి మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కుక్క చేతికొచ్చి వారం కాకుండానే పడిపోయిందంటే అది పాత యజమాని దగ్గర సోకిందే. ఈ లెక్క చెప్పాకే అవతలివాళ్ల గొంతు తగ్గింది. మీరు కొన్న రోజు, మొదటిసారి జ్వరం వచ్చిన రోజు, రక్తం తీసిన రోజు ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోండి. డాక్టరు చీటీ మీద కూడా తేదీ వేయించుకోండి. తర్వాత మాటామాటా వచ్చినప్పుడు పనికొచ్చేవి అవే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అమ్మేవాళ్లకు నిజంగానే తెలియకపోయే అవకాశం ఉంది. ఎర్లికియా మొదటి జ్వరం మందు లేకుండానే తగ్గిపోయి, ఆ తర్వాత నెలలు, కొన్ని కుక్కల్లో ఏళ్లు, లోపలే దాక్కుంటుంది. పైకి కుక్క తింటుంది, ఆడుతుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు మాత్రం తక్కువగా ఉంటాయి. కొన్నిట్లో ఇదే ముదిరి ఎముకమజ్జ మీద పడుతుంది. అప్పుడు రక్తంలో అన్ని రకాల కణాలూ పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఆ దశలో బతికించుకోవడం చాలా కష్టం. ఈ క్రిమిని కుక్కల్లో మొదట గుర్తించింది 1935లో అల్జీరియాలో. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు కుక్కలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాకే దీని సంగతి లోకానికి గట్టిగా తెలిసింది. వాటిలో ఎక్కువ మా కుక్క జాతివే. జర్మన్ షెపర్డ్‌లలో ఇది మిగతా జాతులకంటే తీవ్రంగా వస్తుందని డాక్టర్లు అంటారు. ఆ జాతిని కొనాలనుకునేవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి.

బెబీసియా తీరు వేరు. ఎర్లికియా తెల్లకణాల్లో చేరే బ్యాక్టీరియా. బెబీసియా ఎర్రకణాల్లోకి దూరి, అక్కడే రెండుగా చీలి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడే పరాన్నజీవి. పశువుల్లో ఎర్రమూత్రం జబ్బు తెచ్చేది దీని చుట్టమే. కుక్కల్లో కూడా చిగుళ్లు తెల్లబడడం, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారడం దీనివల్లే. ఇందులో చాలా రకాలున్నాయి, కొనేవాళ్లు ఒక పేరు మాత్రం గుర్తుపెట్టుకోవాలి, గిబ్సోనై. ఇది పిడుదులతోనే కాదు, కుక్కలు కొట్లాడుకున్నప్పుడు కాట్ల ద్వారా పాకుతుంది, రక్తం ఎక్కించినప్పుడు వస్తుంది, కడుపులో ఉన్నప్పుడే తల్లి నుంచి పిల్లలకూ చేరుతుంది. అంటే జీవితంలో ఒక్క పిడుదు కూడా కుట్టని కుక్కపిల్లకు కూడా ఇది ఉండొచ్చు. పిల్లను చూసి మురిసిపోయే ముందు తల్లిని చూపించమని అడగండి. తల్లి బక్కచిక్కి, చిగుళ్లు పాలిపోయి ఉంటే ఆ ఈతలో పిల్లల జోలికి పోవద్దు. తల్లిని చూపించనంటే అసలు ఆ ఇంట్లో కొనొద్దు.

"ఇంజెక్షన్ చేయించాం" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మేం గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, వేసింది ఐవర్‌మెక్టిన్. కుక్కల్లో పిడుదులకు అది నమ్మదగ్గ మందు కాదు. పైగా కోలీ లాంటి కొన్ని జాతుల్లో జన్యులోపం వల్ల అది మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది. సరే, మంచి మందే వేశారనుకుందాం. పిడుదులు చచ్చినంత మాత్రాన అవి అప్పటికే రక్తంలో వదిలిన క్రిమి చావదు కదా! ఎర్లికియా ఎక్కడానికి పిడుదు కొన్ని గంటలు పట్టుకుని ఉంటే చాలు. బెబీసియాకు మామూలుగా ఒకటి రెండు రోజులు కావాలి. హెపటోజోన్ అనే ఇంకోటి మరీ విచిత్రం, కుట్టడం వల్ల కాదు, కుక్క ఒళ్లు నాక్కుంటూ పిడుదును మింగడం వల్ల వస్తుంది. అందుకే "ఇప్పుడు పిడుదులు లేవు" అన్నది "జబ్బు లేదు" అన్నదానికి సాక్ష్యం కాదు.

పరీక్ష దగ్గర కూడా మోసపోయే దారులున్నాయి. చుక్క రక్తం వేస్తే నిమిషాల్లో గీత చూపించే కిట్ ఒకటి ఉంటుంది. దాని మీద నెగెటివ్ అని ఫోటో పంపి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. ఆ కిట్లలో చాలావాటిలో ఎర్లికియా, అనాప్లాస్మా (పిడుదులు తెచ్చే ఇంకో క్రిమి) పరీక్షలు ఉంటాయి గానీ బెబీసియాది ఉండదు. పైగా అవి వెతికేది క్రిమిని కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. కొత్తగా సోకిన కుక్కలో రెండు మూడు వారాల దాకా అవి కనిపించకపోవచ్చు. జబ్బు తగ్గిన కుక్కలో నెలల తరబడి పాజిటివ్ చూపించొచ్చు. స్లైడు మంచిదే, అయితే గిబ్సోనై మరీ చిన్నది, పాత జబ్బులో రక్తంలో బహు తక్కువగా ఉంటుంది, ఎంత అనుభవమున్న కంటికైనా తప్పిపోతుంది. చెవి కొస నుంచి తీసిన రక్తంతో స్లైడు చేస్తే దొరికే అవకాశం కాస్త ఎక్కువ. నాకు అర్థమైనంతలో కొనే ముందు కావలసింది రెండే. ప్లేట్‌లెట్ల లెక్కతో పూర్తి రక్తపరీక్ష ఒకటి, బెబీసియా, ఎర్లికియా రెండింటికీ పీసీఆర్ ఒకటి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు దాదాపు 2 లక్షల నుంచి 5 లక్షలు ఉంటాయి. లక్ష లోపు అంకె కనిపిస్తే, కుక్క ఎంత గెంతుతున్నా, ఎందుకు తగ్గాయో తేలేదాకా బయానా ఇవ్వకండి. ఒక్కోసారి కణాలు ముద్దకట్టి యంత్రం తక్కువ చూపించడం కూడా ఉంది, అందుకని స్లైడుతో సరిచూడమని డాక్టరును అడగండి. రక్తం తీయించేది మీరు నమ్మే డాక్టరు దగ్గరే. అమ్మేవాళ్లు ఇచ్చే కాగితం మీద ఏ కుక్క రక్తమో ఎవరికి తెలుసు?

చూడడానికి వెళ్లినప్పుడు మీ చేతులతో మీరే వెతకండి. చెవి లోపలి మడతలు, కాలివేళ్ల సందులు, మెడపట్టీ కింద, తోక మొదలు, చంకలు, గజ్జలు. తర్వాత కుక్కను వదిలి గోడలు చూడండి. ఇది మాకు డాక్టరు చెప్పిన కిటుకు. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు రక్తం తాగాక కిందికి రాలి, గోడెక్కి పగుళ్లలో దూరి, ఒక్కో ఆడది వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు స్నానం చేయించినంత తేలిగ్గా గోడకు చేయించలేరు. కెన్నెల్ గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో బూడిదరంగు గింజల్లా కనిపిస్తే ఇక కార్డులు, కబుర్లు చూడనక్కర్లేదు.

ఇప్పటికే కొనేసి, కుక్క నలతగా ఉన్నవాళ్లకు: అమ్మినవాళ్లు చెప్పే "ఒక్క సూదితో పోతుంది" నమ్మకండి. ఆ సూది ఇమిడోకార్బ్. కొన్ని రకాల బెబీసియాకు అది బాగానే పనిచేస్తుంది, మామూలుగా 14 రోజుల ఎడంతో రెండుసార్లు ఇస్తారు. గిబ్సోనైని మాత్రం అది ఒంట్లోంచి పూర్తిగా తుడిచిపెట్టలేదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజుల కోర్సు ఉంది. ఏ రకమో తేలకుండా సూది పొడిపిస్తే కుక్క నాలుగు రోజులు లేచి తిరుగుతుంది, ఆ నాలుగు రోజుల్లో అమ్మినవాళ్లు మీ నంబరు బ్లాక్ చేస్తారు. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ 28 రోజులు. రెండు మూడు రోజులకే కుక్క హుషారుగా లేస్తుంది, అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. ఆపొద్దు. ఆ మాత్ర ఆహారనాళంలో ఇరుక్కుంటే పుండు చేస్తుంది కాబట్టి ఎప్పుడూ తిండితోనో, వెంటనే నీళ్లు పట్టించో ఇవ్వాలి. మోతాదులు కావాలనే రాయలేదు, అది బరువు చూసి డాక్టరు చెప్పాల్సింది. రక్తం ఎక్కించాల్సి వస్తే, ఇచ్చే కుక్కకు ఈ జబ్బుల పరీక్ష చేశారా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే కొత్తదాన్ని కొన్ని వారాలు వేరుగా పెట్టండి, రెండింటికీ ఒకేసారి పిడుదుల మందు మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు తేవద్దు, అది పిల్లులకు విషం. మందు వేసినా రోజూ ఒళ్లు తడిమి చూడాలి. దొరికినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, నిప్పుతో కాల్చడం, వేళ్లతో నలపడం ఏవీ వద్దు.

రశీదు సంగతి. మాకు ఇచ్చిన దాంట్లో జాతి, రంగు, మొత్తం తప్ప ఏమీ లేవు. మీరు తీసుకునేటప్పుడు ఇంత రాయించుకోండి: "కుక్కను అప్పగించిన తేదీ ఇది. అప్పగించిన 10 రోజుల లోపు చేసిన పీసీఆర్‌లో బెబీసియా గానీ ఎర్లికియా గానీ తేలితే వైద్యం ఖర్చు అమ్మినవారిది, లేదా కుక్కను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలి." పది రోజులకు మించి రాయమంటే ఎవరూ ఒప్పుకోరు, అలా అడగడం న్యాయం కూడా కాదు, ఆ తర్వాత మీ ఇంట్లో సోకి ఉండొచ్చు. ఈ రెండు వాక్యాలు రాయడానికి వెనకాడేవాళ్లకు తమ కుక్క గురించి మనకంటే ఎక్కువే తెలుసు.

మా కుక్క ఇప్పుడు తింటోంది, తిరుగుతోంది. గిబ్సోనై పోయిందని చెప్పాలంటే మందులు ఆపిన 60 రోజులకు ఒకసారి, 90 రోజులకు ఇంకోసారి పీసీఆర్ నెగెటివ్ రావాలన్నారు. మొదటిది ఇంకా చేయించాలి. ఖర్చులో సగమైనా ఇస్తామన్న అమ్మకందారు మాట మాత్రం అక్కడే ఉంది.