ఆఫీసుకు రెండు సందుల అవతల, ఏడాదిన్నరగా పాపను వదులుతున్న చోటు గురించి

మా ఆఫీసు తిరుపతి బైరాగిపట్టెడలో. 50 మంది, అంతకు పైగా పనిచేసే చోట క్రెచ్, అంటే ఉద్యోగుల చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. మేమున్నది 12 మందిమి, మాకది వర్తించదు. అందుకే రెండు సందుల అవతల, ఒక ఇంటి మేడ మీద గంటకు 60 రూపాయల లెక్కన పిల్లల్ని చూసుకునే చోట పాపను 11 నెలలప్పటి నుంచి వదులుతున్నా. పొద్దున అత్తమ్మ చూసుకుంటుంది, రెండు నుంచి ఐదున్నర దాకా ఇక్కడ.

మొదట్లో నేనే తప్పు చేశాను. దగ్గరే కదా అని గంటకోసారి పరుగెత్తుకెళ్లి మెట్ల పక్క కిటికీలోంచి తొంగి చూసేదాన్ని, అప్పటిదాకా స్టీలు గిన్నెలతో ఆడుకుంటున్న పిల్ల నా ముఖం కనబడగానే గుక్కపట్టి ఏడ్చేది. ఒకరోజు ఆయమ్మ బయటికొచ్చి, "వస్తే లోపలికొచ్చి ఎత్తుకో తల్లీ, ఇట్లా కనబడి మాయమైతే బిడ్డ దిగులు పడతాది. పొయ్యేటప్పుడు కూడా చెప్పే పో" అనింది. అప్పటి నుంచి నాలుగింటికి ఒక్కసారే వెళ్తున్నా. రాగిజావ తాగించి, "అమ్మ మళ్లీ వస్తాది" అని చెప్పి వస్తా. వారం తిరక్కుండా ఏడుపు ఆగిపోయింది. ఆ ఆయమ్మకు నేనెంత రుణపడి ఉన్నానో.

గోడకు దారంతో కట్టిన నోట్‌బుక్ ఉంటుంది: ఎప్పుడు తినింది, ఎంతసేపు నిద్రపోయింది, డైపర్ ఎన్నింటికి మార్చారు. వెళ్లగానే నేను చూసేది అదే.

మేలో గంగజాతరప్పుడు మాత్రం చాలా బాధపడ్డా. తాతయ్యగుంట గుడి దగ్గర రద్దీకి భయపడి ఎంతోమంది చంటిపిల్లల్ని ఇక్కడ వదిలి వెళ్లారు, ఇద్దరు ఆయమ్మలకు 17 మంది! ఐదున్నరకు వెళ్లేసరికి పాప గౌను తడిసి ఉంది, తొడలు ఎర్రగా కందిపోయాయి, నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఖాళీ. గట్టిగానే అడిగాను. నడిపే ఆవిడ సాకులు చెప్పలేదు, తప్పేనని ఒప్పుకుని, మరుసటి వారం నుంచి పది మందికి మించి చేర్చుకోవడం మానేసింది. అందుకే ఇంకా వదులుతున్నా.

ఎక్కడ చేర్చినా సరే, ముందు పండగ రోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి పిల్లలెంతమంది, ఆయమ్మలెంతమంది లెక్కపెట్టుకోండి. ఇక్కడ ఇన్వర్టర్ మాత్రం ఎన్నిసార్లు అడిగినా పెట్టలేదు. ఎండాకాలంలో కరెంటు పోతే నేనే వెళ్లి పాపను ఆఫీసుకు తెచ్చేసుకుంటున్నా.