ఉగ్గుగిన్నెతో నెల రోజులు: ఆపరేషన్ కోసం డల్లాస్ నుంచి బెజవాడ

ఈ మధ్య తెలిసినవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఫోన్ చేసి అడుగుతున్నారు, బరువు తగ్గే ఆపరేషన్‌కి ఇండియా వెళ్ళావంట కదా, ఎక్కడ చేయించావు, ఎంతయింది, ఎన్నాళ్ళు లీవ్ పెట్టావు అని. ప్రతిసారీ గంటసేపు చెప్పాల్సొస్తోంది. అందుకే ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నా, ఇకమీద అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

నా పుట్టిల్లు బెజవాడ సత్యనారాయణపురం, అత్తారిల్లు గుంటూరు బ్రాడీపేట, ఉండేది డల్లాస్‌లో. వెళ్ళేనాటికి 118 కిలోలున్నా, ఎత్తు 163 సెంటీమీటర్లు, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, బీఎంఐ, 44. షుగర్ మొదలైంది, రాత్రుళ్ళు మొహానికి గాలి అందించే మాస్కు తగిలించుకుంటే గానీ నిద్ర ఉండేది కాదు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడితే 11 కిలోలు తగ్గాను, మా ఆయన ఉద్యోగం మారగానే కొత్త ఇన్సూరెన్స్ వాళ్ళు అవి ఆపేశారు, ఎనిమిది నెలల్లో ఆ 11కి ఇంకో రెండు కలుపుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆపరేషన్ కూడా ఆ ప్లాన్‌లో లేదు. చేతి డబ్బుతో అయితే 22 వేల డాలర్లు అన్నారు. అప్పుడు తమ్ముడు అన్నాడు, "అక్కా, ఇక్కడికొచ్చెయ్, నేను చూసుకుంటా" అని.

ఫోన్లో కనుక్కుంటే స్లీవ్‌కి, అంటే పొట్టలో చాలా భాగం తీసేసే ఆపరేషన్‌కి, హైదరాబాద్‌లో ఒకచోట నాలుగున్నర లక్షలు, బెజవాడలో 3.4, గుంటూరులో 2.8 చెప్పారు. హైదరాబాద్ నేనే వద్దనుకున్నా, అక్కడ నాకంటూ ఎవరూ లేరు, ఆపరేషన్ అయ్యాక హోటల్ గదిలో ఒక్కదాన్నీ పడుండలేను.

ఎప్పుడెళ్ళాలి అనేది కూడా ఆలోచించుకోవాలండి. స్లీవ్ తర్వాత నీళ్ళు గటగటా తాగడం ఉండదు, గుక్కెడు గుక్కెడే, అందుకే ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి మళ్ళీ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు ఎక్కువట. అలాంటిది బెజవాడ మే నెల ఎండలో ఆ పని పెట్టుకుంటే ఏమన్నా ఉందా. డిసెంబర్ చివర బయల్దేరా. తెలివైన పనే చేశాననుకున్నా గానీ సంక్రాంతి సంగతి మర్చిపోయా, అదెక్కడ తగిలిందో తర్వాత చెప్తా.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే డైట్ ఉంటుంది, పిండిపదార్థాలు బాగా తగ్గించేసి ప్రొటీన్ షేకులు. కాలేయంలో కొవ్వు తగ్గి అది కాస్త చిన్నదైతేనే దాని కిందున్న పొట్టని పట్టుకోడానికి డాక్టర్లకి వీలవుతుందట. సో డల్లాస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ దాకా బ్యాగులో పొడి డబ్బా, షేకర్ పెట్టుకుని వచ్చా. శంషాబాద్ నుంచి గన్నవరం ఫ్లైట్ ఉంటుంది గానీ విడిగా కొన్న డొమెస్టిక్ టికెట్ మీద 15 కిలోలే ఊరికే తీసుకెళ్ళనిస్తారు, నా పెట్టెలు రెండూ కలిపి 46. తమ్ముడు కారు పంపాడు. సూర్యాపేట దగ్గర డ్రైవర్ టిఫిన్‌కి ఆపితే నేను కారులోనే కూర్చుని వెనిల్లా షేక్ తాగుతున్నా, అతను పెసరట్టు తింటూ అద్దంలోంచి నా వైపు జాలిగా చూడ్డం ఇప్పటికీ గుర్తే.

ముందు గుంటూరు వెళ్ళా. అరండల్‌పేటలో చిన్న ఆస్పత్రి, బయట చెప్పుల గుట్ట, లోపల టోకెన్ పిలిచే అబ్బాయి అరుపులు, చూడగానే ఇక్కడా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ నాకు అసలు విషయం చెప్పింది ఆ డాక్టర్‌గారే. ఎంత తగ్గుదామని వచ్చారమ్మా అన్నారు. పెళ్ళినాటికి 62 ఉండేదాన్నండి, అంత కాకపోయినా 65కి వస్తే చాలు అన్నా. ఆయన మందుల చీటీ వెనక్కి తిప్పి సంచిలాంటి పొట్ట బొమ్మ గీసి, నిలువునా గీత కొట్టి, ముప్పావు వంతు పైనే ఇది తీసేస్తాం, మిగిలేది అరటికాయంత గొట్టం, ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా ఊరేది తీసేసే భాగంలోనే, అందుకని మొదట్లో ఆకలి కూడా తగ్గుతుంది అన్నారు. దాని పక్కనే లెక్క వేశారు. స్లీవ్‌తో ఏడాదిలో ఉన్న బరువులో 25 నుంచి 30 శాతం, అంటే మీరు 83 నుంచి 88 మధ్యకి వస్తారు, 65 గురించి మాత్రం నన్ను అడక్కండి అని 83, 88 చుట్టూ సున్నాలు చుట్టారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఇంతదూరం వచ్చింది 85కా! కారెక్కాక తమ్ముడితో ఒక్క ముక్క మాట్లాడలేదు, మంగళగిరి దాటాక గానీ నోరు పెగల్లేదు.

అక్కడే ఎందుకు చేయించుకోలేదంటే, ఆయనే వద్దన్నారు. మీ అమ్మగారు బెజవాడలో, చూసుకునే తమ్ముడు బెజవాడలో, రాత్రి రెండింటికి వాంతులైతే 35 కిలోమీటర్లు వారధి దాటి వస్తారా, అక్కడే చేయించుకోండి అన్నారు. డబ్బులొచ్చే కేసుని పక్క ఊరికి పంపిన డాక్టర్ని నేనైతే ఇంకెక్కడా చూళ్ళేదు.

బెజవాడ ఆస్పత్రి పెద్దది, అద్దాల బిల్డింగు, రిసెప్షన్‌లో బ్లేజర్లు వేసుకున్న పిల్లలు. పరీక్షలు రెండ్రోజులు పట్టాయి, ఎండోస్కోపీ, గుండె ఎకో, అల్ట్రాసౌండ్, చాంతాడంత రక్తపరీక్షల లిస్టు. ఎసిడిటీ బాగా ఉన్నవాళ్ళకి స్లీవ్ తర్వాత అది ఎక్కువయ్యే ఛాన్స్ ఉంటుంది, అలాంటివాళ్ళకి పొట్ట బైపాస్, అంటే తిండి పొట్టలో ఎక్కువ భాగాన్ని దాటుకుపోయేలా చేసే ఆపరేషన్, నయమంటారు, అందుకే ఎండోస్కోపీ. నాది బానే ఉంది, స్లీవ్‌కే వెళ్ళాం.

నర్సుల్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆపరేషన్ అయిన సాయంత్రమే "లేవండమ్మా, నాలుగడుగులెయ్యాలి" అని ఒక చిన్న పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు, నా 118 కిలోల్ని భుజం మీద ఆనించుకుని కారిడార్ చివరిదాకా నడిపించింది. కాళ్ళల్లో రక్తం గడ్డ కట్టకుండా అంట. కోసింది పొట్ట అయితే నొప్పి భుజంలో వస్తుంది, లోపలికి ఎక్కించిన గ్యాస్ వల్ల, అది ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మర్నాడు నీలం రంగు నీళ్ళు తాగించి పక్కనున్న డ్రెయిన్ గొట్టంలో నీలం వస్తుందేమో చూశారు. రాలేదు, అంటే కుట్లు కారట్లేదని.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర మాత్రం వేరే లోకం. 3.4 లక్షల ప్యాకేజీ అంటే అందులో అన్నీ ఉంటాయనుకున్నా. పొట్ట కోసి అక్కడికక్కడే మూసే స్టేప్లర్ ఒక్కసారితో అయిపోదు, పిన్నులుండే కార్ట్రిడ్జ్ మార్చి మార్చి కొట్టాలి, ప్యాకేజీలో నాలుగే, నాకు ఆరు పట్టాయి, ఒక్కోటి 18 వేలు. పరీక్షలు విడిగా 28 వేలు. ఇంటికి ఇచ్చిన మందులు, ఇంజెక్షన్లు 21 వేలు. మొత్తం 4.25 లక్షలు. డల్లాస్‌తో పోలిస్తే తక్కువేగా అనొచ్చు, తక్కువే, కానీ డిశ్చార్జ్ రోజు పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఒక్కో చీటీ పట్టుకుని తమ్ముడు మూడు అంతస్తులు తిరిగాడే, అది ఏ ప్యాకేజీలో రాశారో నాకు తెలీదు. ఎన్ని కార్ట్రిడ్జ్‌లు ప్యాకేజీలో ఉన్నాయో, ఎక్కువైతే ఒక్కోటి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇక బస. అమ్మావాళ్ళది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, పాతకాలం బాత్రూమ్. అందుకని లబ్బీపేటలో రోజుకి 2,800 చొప్పున సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, లిఫ్ట్, వంటగది, ఆస్పత్రి పది నిమిషాలు. అమ్మ కూడా వచ్చేసింది. దీనిమీద చుట్టాల్లో జరిగిన చర్చ అసెంబ్లీలో కూడా జరిగుండదు, సొంతిల్లు పెట్టుకుని అద్దెకుండటమేంటి అని. నేనైతే పెట్టిన ప్రతి రూపాయీ దానికే సార్థకం అంటా. మొదట నాలుగు రాత్రులు బెంజి సర్కిల్ దగ్గర హోటల్లో దిగా, ఆ హారన్ల మోతకి నిద్ర లేదు, ఆపరేషన్ తర్వాత అక్కడే ఉండుంటే పిచ్చెక్కేది.

డైటీషియన్ ఇచ్చిన షీట్‌లో బ్రోకలీ సూప్, క్లియర్ చికెన్ బ్రాత్ లాంటివి ఉన్నాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, "ఓస్ ఇంతేనా" అని దాన్ని మన భాషలోకి మార్చేసింది. మొదటి వారం చారు తేట, మజ్జిగ తేట, కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు. ఆ తర్వాత పెసరకట్టు, వడగట్టిన రాగిజావ. ఆస్పత్రివాళ్ళు 30 ఎమ్ఎల్ ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు, పావుగంటకి ఒకటి. రెండో రోజు అమ్మ సత్యనారాయణపురం వెళ్ళి బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది, నాకూ తమ్ముడికీ పాలు పట్టినదే, ముక్కు దగ్గర చిన్న సొట్ట, తమ్ముడు పళ్ళొచ్చేటప్పుడు కొరికింది. ప్లాస్టిక్ కప్పుతో నీళ్ళు కొలిచి పోసి చూసింది, సరిగ్గా రెండు కప్పులు పట్టింది. "అరగంటకో గిన్నె, లెక్క సరిపోయింది" అంది. నలభై ఏళ్ళదాన్ని సోఫాలో కూర్చుని ఉగ్గుగిన్నెతో చారు తేట తాగుతున్నా, ఒక్కో గిన్నెకీ అరగంట, పూర్తయ్యేసరికి తర్వాతది రెడీ.

సంక్రాంతి ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు వచ్చింది. పిన్నివాళ్ళు చూడ్డానికొస్తూ స్టీల్ డబ్బాడు అరిసెలు పట్టుకొచ్చారు. "ఏవే, ఒక్క ముక్క తింటే ఏమవుద్ది, పొట్ట ఉంది కదా ఇంకా కాస్త" అని. నేను అనుకున్నదేంటంటే, పొట్ట తీసేస్తే తినాలనే కోరిక కూడా దాంతోపాటే పోతుందని. ఆకలి నిజంగానే లేదండీ. కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్ళు వెళ్ళాక బాత్రూమ్‌లోకి ఒక అరిసె ముక్క తీసుకెళ్ళి, నమిలి, వాష్‌బేసిన్‌లో ఉమ్మేశా. నువ్వులు బేసిన్‌కి అంటుకున్నాయి, అవి చేత్తో కడుగుతూ ఏడ్చా. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెప్తున్నా. ఈ సంగతి ఏ డాక్టరూ చెప్పడు, షీట్‌లోనూ ఉండదు.

నేను చేసిన పెద్ద తప్పు టికెట్. ఆపరేషన్ అయిన 12వ రోజుకే రిటర్న్ తీసుకున్నా. డాక్టర్ చూసి ఒక్కటే మాట, కుదరదు. కుట్లు కారడం వారం పది రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు, పైగా అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళల్లో గడ్డల భయం. నాలుగు వారాలు ఆగమన్నారు. టికెట్ మార్చడానికి 310 డాలర్లు, ఆఫీసుకి మెయిల్, పిల్లలకి సంజాయిషీ, అన్నీ అయ్యాయి. తిరుగు ప్రయాణంలో నడవా పక్క సీటు, బిగుతు మేజోళ్ళు, గంటకోసారి లేచి నడక.

ఇక్కడికొచ్చాక ఇంకో చిక్కు. ఫాలోఅప్‌కి ఒక బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్ల) క్లినిక్‌కి ఫోన్ చేస్తే మేం చేయని ఆపరేషన్ పేషెంట్లని చూడం అన్నారు. రెండోవాళ్ళు ఒప్పుకున్నారు గానీ ఆపరేషన్ నోట్స్ అడిగారు, నా దగ్గరున్నది ఒక పేజీ డిశ్చార్జ్ సమ్మరీ. తమ్ముడు మళ్ళీ ఆ అద్దాల బిల్డింగ్ చుట్టూ తిరిగి ఆపరేషన్ నోట్స్, ఎండోస్కోపీ రిపోర్టు, తీసేసిన పొట్టకి చేసిన బయాప్సీ రిపోర్టు స్కాన్ చేసి పంపడానికి మూడు వారాలు పట్టింది. అవి చేతిలో పడకుండా ఊరు దాటొద్దు.

నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, బరువు వేగంగా తగ్గితే అలా అవుతుందంట, మళ్ళీ వస్తోంది. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ అంటారు, మన పప్పుతో అంత రాదు, పొడి తప్పదు. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ బతికినంతకాలం.

ఏడాదికి 84 దగ్గర ఆగా. షుగర్ మందులు డాక్టర్ ఆపేశారు, మాస్క్ అటక మీద ఉంది. గుంటూరు డాక్టర్‌గారి చీటీ ఫ్రిజ్ మీద అంటించా, సున్నాలు చుట్టినవైపు పైకి. ఈ డిసెంబర్‌లో చెకప్‌కి మళ్ళీ వెళ్తున్నాం, లబ్బీపేటలో రూమ్ చూడనా అని తమ్ముడు అడిగాడు. వద్దురా, సత్యనారాయణపురంలోనే దిగుతా, మూడంతస్తులేగా అన్నా.