పాత కారుకి ఏది మేలు: కీప్యాడ్ స్టార్టర్ లాకా, గేర్ లాకా, సీక్రెట్ స్విచ్చా?

సెకండ్ హ్యాండ్‌లో పాత కారు కొన్నవాళ్లకి దొంగల భయం కంటే ముందు ఇంకో అనుమానం ఉంటుంది: దీని డూప్లికేట్ తాళం ఇంకెవరి దగ్గరైనా ఉందేమో? తాళంలో చిప్ ఉండి, దాన్ని ఇంజిన్ కంప్యూటర్ గుర్తుపడితేనే స్టార్టయ్యే ఇమ్మొబిలైజర్ కారుకి ఈ బెంగ తక్కువ. అది లేని పాత బండికి, కొట్టించిన తాళమైనా సరిపోతుంది. అందుకే నంబర్లు నొక్కితే తప్ప సెల్ఫ్ తిరగని కీప్యాడ్ మీద చాలామందికి మనసవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాన్యువల్ గేర్ల కారైతే ముందు గేర్ లాక్ బిగించండి, కీప్యాడ్ తర్వాత. మామూలు ఆటోమేటిక్ అయితే కీప్యాడ్‌ మీద పెట్టిన డబ్బు నిజంగా పనికొస్తుంది.

తేడా ఎక్కడుందంటే, కీప్యాడ్ ఆపేది సెల్ఫ్ మోటార్‌ని మాత్రమే, ఇంజిన్‌ని కాదు. తాళం తిప్పినప్పుడు స్విచ్ నుంచి స్టార్టర్ సోలినాయిడ్‌కి, అంటే సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే భాగానికి, ఒక వైరు వెళ్తుంది. ఆ వైరు మధ్యలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెడతారు. సరైన కోడ్ నొక్కితే రిలే కలుస్తుంది, లేకపోతే సెల్ఫ్ కదలదు. కానీ మాన్యువల్ కారుని సెల్ఫ్ లేకుండానే లేపొచ్చు కదా! తాళం ఆన్‌లో పెట్టి, సెకండ్ గేర్ వేసి, క్లచ్ తొక్కి, నెట్టి వదిలితే ఇంజిన్ అందుకుంటుంది. బ్యాటరీ పడిపోయినప్పుడు మనమూ చేసేది అదే. చేతిలో డూప్లికేట్ తాళం ఉన్నవాడికి తోడుగా ఇంకొకడుంటే చాలు. మన ఊళ్లలో అయితే ‘సెల్ఫ్ పని చెయ్యట్లేదన్నా, కొంచెం తొయ్యండి’ అంటే దారినపోయేవాళ్లు కూడా మంచి మనసుతో ఒక చెయ్యి వేస్తారు. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ బలాన్ని గేర్లకి అందించేది) ఉన్న ఆటోమేటిక్, సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) బళ్లు ఇలా నెడితే లేవవు. అందుకే వాటికి కీప్యాడ్ గట్టి కాపలా.

గేర్ లాక్‌లో మోసం లేదు. మాన్యువల్ కారులో రివర్స్ వేసి, రాడ్డు దింపి, తాళం తీసుకోవడమే. ఇంజిన్ లేచినా బండి ముందుకి పోదు. మంచిది సుమారు వెయ్యి, రెండు వేల మధ్య దొరుకుతుంది, వైరింగ్ జోలికే పోనక్కర్లేదు, అద్దంలోంచి చూస్తే కనిపిస్తుంది కాబట్టి చాలామంది దొంగలు పక్క బండి వైపు చూస్తారు. దీని బలహీనత మనుషుల్లో ఉంది. మొదటి నెల శ్రద్ధగా వేస్తారు, తర్వాత ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తాం కదా’ అని వదిలేస్తారు. కీప్యాడ్‌ని సరిగ్గా బిగిస్తే తాళం తీయగానే తనంతట తనే లాక్ అయిపోతుంది, మరిచిపోయే పని లేదు. ఈ ఒక్క విషయంలో కీప్యాడ్‌దే పైచేయి. బండి ఇద్దరు ముగ్గురు నడిపే ఇంట్లో అది చిన్న లాభం కాదు.

సీక్రెట్ స్విచ్ అన్నిటికంటే చవక. పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో పెట్రోల్ పంపు కరెంటుతో నడుస్తుంది. దాని రిలేకి వెళ్లే సన్న వైరుని ఎక్కడో చేతికందే చోట దాచిన స్విచ్ మీదుగా తిప్పితే సరి. స్విచ్ ఆపేసి ఉంటే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ ఒక్క క్షణం అందుకున్నా లైన్లో ఉన్న పెట్రోల్ అయిపోగానే ఆగిపోతుంది. దొంగకి అది రిపేరున్న బండిలా అనిపిస్తుంది. నెట్టినా లాభం లేదు. కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతి 800లో పంపు కరెంటుది కాదు, అక్కడ ఇగ్నిషన్ కాయిల్ వైరుకి పెట్టాలి. అయితే నాసిరకం స్విచ్ లూజైతే హైవే మీద 80లో వెళ్తుండగా ఇంజిన్ ఆగుతుంది. స్టార్టర్ వైరు మీద పెట్టిన కీప్యాడ్ పాడైనా నడుస్తున్న బండి ఆగదు, ఆపిన చోట మళ్లీ లేవదు, అంతే. కీప్యాడ్‌ని పెట్రోల్ పంపుకే కలిపేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దనేది అందుకే.

జీపీఎస్ ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు, పోయాక వెతకడానికి పనికొస్తుంది. సిమ్ రీఛార్జ్ ఖర్చు ఏటా ఉంటుంది. కొన్నిట్లో ఫోన్ నుంచి ఇంజిన్ ఆపే సౌకర్యం ఇస్తారు, నడుస్తున్న బండి మీద దాన్ని వాడకండి. ఇంజిన్ ఆగగానే బ్రేక్ గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ పోతుంది, గుద్దుకునేది దొంగని మాత్రమే కాకపోవచ్చు.

ఇక కీప్యాడే కావాలనుకుంటే, ఎలా బిగించారన్నదే అసలు విషయం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 12 వోల్టుల తలుపు కీప్యాడ్ తెచ్చి కారుకి పెట్టించేవాళ్లున్నారు. అది ఇంట్లో అడాప్టర్ మీద బాగానే నడుస్తుంది. కారులో సెల్ఫ్ కొట్టిన క్షణంలో బ్యాటరీ వోల్టేజ్ 10కి, పాత బ్యాటరీ అయితే ఇంకా కిందికి పడిపోతుంది. కీప్యాడ్ అక్కడే రీసెట్ అయి రిలే వదిలేస్తుంది. కోడ్ కరెక్టే, టిక్కుమని శబ్దమూ వస్తుంది, బండి మాత్రం లేవదు. కారు కోసమే తయారైంది తీసుకోండి.

కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారో కూడా దగ్గరుండి చూడండి. నేరుగా బ్యాటరీకి కలిపితే కీప్యాడ్ రాత్రింబవళ్లు కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకి 1.2 ఆంపియర్ అవర్. ఆల్టో లాంటి చిన్న కారు బ్యాటరీ మొత్తం 35 ఆంపియర్ అవర్లే. ఊరెళ్లి మూడు వారాల తర్వాత వస్తే అందులో సగానికి పైగా కీప్యాడే ఖర్చు పెట్టేసి ఉంటుంది. పోనీ స్టీరియో వైరుకి కలుపుతానంటే ఇంకా తప్పు, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ వైరులో కరెంటు ఆగిపోతుంది. తాళం ఆన్‌లోనూ, స్టార్ట్‌లోనూ కరెంటుండే ఇగ్నిషన్ వైరే కావాలి. మల్టీమీటర్ పెట్టి రెండు స్థానాల్లోనూ చూపించమని అడగండి. సోలినాయిడ్ వైరు లావుకి తగ్గకుండా వైరు, 30 లేదా 40 ఆంపియర్ల రిలే, కీప్యాడ్ లైనుకి ఒక ఫ్యూజు ఉండాలి.

అతుకుల దగ్గర చాలామంది ఎలక్ట్రీషియన్లు తొందరపడతారు. బ్లేడుతో వైరు చెక్కి, రెండు కొనలూ మెలిపెట్టి, నల్ల టేప్ చుట్టేస్తారు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో ఆ టేప్ జిగురు కరిగి జారిపోతుంది, రాగి బయటపడుతుంది. సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసేది) వేసి బిగించమనండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని శుభ్రంగా చేసేవాళ్లు ఉంటారు, అరగంట ఎక్కువ పడుతుంది.

కోడ్ విషయంలో ఒక చిన్న లెక్క చెప్పాలి. నాలుగు అంకెల కోడ్‌కి 10,000 అవకాశాలు. కానీ ఏడాది వాడేసరికి రోజూ నొక్కే బటన్లు మెరుస్తాయి లేదా అంకెలు చెరుగుతాయి. నాలుగు బటన్లు అరిగి కనిపిస్తే మిగిలేవి 24 అవకాశాలే. ఒక అంకెని రెండుసార్లు వాడి మూడు బటన్లతోనే కోడ్ పెట్టుకుంటే 36 ఉంటాయి. రెండూ తక్కువే, కాబట్టి ఆరు నెలలకోసారి వేరే అంకెలతో కోడ్ మార్చండి, తప్పు కోడ్ కొన్నిసార్లు నొక్కితే కాసేపు మూగబోయే రకం ఎంచుకోండి. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు వేరే కోడ్ ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1990ల్లో యూరప్‌లో పెజో 306, సిట్రోయెన్ జాంటియా లాంటి కార్లకి కంపెనీవాళ్లే నంబర్ల కీప్యాడ్ ఇచ్చేవారు. 1998 నుంచి అక్కడ కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది, తాళంలో చిప్ వచ్చాక ఆ బటన్లు కనుమరుగయ్యాయి. అమెరికాలో అలాంటి నియమం లేకపోవడం వల్ల ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన హ్యుందాయ్, కియా కార్లు 2021 తర్వాత పెద్ద ఎత్తున దొంగతనాలకి గురయ్యాయి. అక్కడున్న మనవాళ్లలో ఎవరి దగ్గరైనా ఆ మోడల్ ఉంటే కంపెనీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయించి, స్టీరింగ్ లాక్ కూడా వాడాలి.

ఇన్సూరెన్స్ తగ్గుతుందని కీప్యాడ్ పెట్టించుకోకండి. ఏఆర్‌ఏఐ (వాహనాలని పరీక్షించే పుణె సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం తగ్గింపు, అదీ 500 రూపాయలు మించదు. బజార్లో కొన్న కీప్యాడ్‌కి అది రాదు. బండి పోతే క్లెయిమ్‌కి ఒరిజినల్ తాళాలు రెండూ అడుగుతారు, కొనేటప్పుడే రెండోది చేతికి తీసుకోండి. వారంటీలో ఉన్న కొత్త కారుకైతే బయట ఎవరిచేతా వైర్లు కోయించొద్దు, గేర్ లాక్‌తో సరిపెట్టండి.

డబ్బులిచ్చే ముందు షాపులోనే తప్పు కోడ్ నొక్కి సెల్ఫ్ కొట్టి చూడండి. తర్వాత సరైన కోడ్‌తో, హెడ్‌లైట్లూ ఏసీ ఫ్యానూ వేసి వోల్టేజ్ తగ్గించి, వరసగా నాలుగైదు సార్లు స్టార్ట్ చేయండి. ఇంజిన్ నడుస్తుండగా కీప్యాడ్ ఫ్యూజు పీకించండి. ఇంజిన్ ఆగకూడదు. ఆగితే వైరు తప్పు చోట కోశారన్నమాట, అక్కడే సరిచేయించి బండి బయటికి తీయండి.