పెట్రోలా, డీజిలా: మండిన వాయువుల నుంచి ఎక్కువ పని రాబట్టేది ఏది?

పెట్రోల్ ఇంజన్ మేలా, డీజిల్ ఇంజన్ మేలా అని అడిగేవారిలో చాలామంది జవాబును ఇంధనంలోనే వెతుకుతారు. కిలో లెక్కన చూస్తే రెండింటిలోనూ ఉండే శక్తి దాదాపు సమానమే. డీజిల్ చిక్కగా ఉంటుంది కనుక లీటరుకు మాత్రం కొంత ఎక్కువ వస్తుంది. నా దృష్టిలో అసలు తేడా అంతా మండిన వాయువులు పిస్టన్‌ను నెడుతూ ఎంతవరకు వ్యాకోచిస్తాయన్న దాంట్లోనే ఉంది.

పిస్టన్‌ను కదిలించేది వాయువుల పీడనం. సిలిండర్‌లోకి వచ్చిన గాలిలో 78 శాతం నైట్రోజనే. అది ఇంధనంలా మండకపోయినా, 2000 డిగ్రీలు దాటిన వేడిలో పీడనం పెరిగి, పనిలో అధిక భాగం తానే చేస్తుంది. పిస్టన్ కిందికి దిగేకొద్దీ వాయువు తన వేడిని పనిగా మార్చుకుంటూ చల్లబడుతుంది. వాడిన వాయువును బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేసరికి అందులో మిగిలిన పీడనం ఇక ఆ పిస్టన్‌కు దక్కదు. కాబట్టి వాల్వ్ తెరుచుకునేలోపు వాయువు ఎంత ఎక్కువగా వ్యాకోచిస్తే అంత లాభం.

మామూలు ఇంజన్‌లో మండించే ముందు గాలిని ఎన్ని రెట్లు నొక్కితే సుమారు అన్ని రెట్లే వ్యాకోచం దొరుకుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం ముందే గాలిలో కలిసి ఉంటుంది. మరీ ఎక్కువగా నొక్కితే, స్పార్క్‌తో మొదలైన మంట చేరకముందే చివరనున్న మిశ్రమం తనంతట తాను అంటుకుని నాకింగ్ మొదలవుతుంది. అందుకే కంప్రెషన్ రేషియో, అంటే ఎన్ని రెట్లు నొక్కుతామన్న లెక్క, సాధారణంగా 9 నుంచి 12 మధ్య ఆగిపోతుంది. డీజిల్‌లో నొక్కేది గాలిని మాత్రమే కనుక 15 నుంచి 20 దాకా వెళ్లవచ్చు. నష్టాలేవీ లేవనుకునే ఆదర్శ ఒట్టో చక్రం (Otto cycle) లెక్కలో రేషియో 10 అయితే సామర్థ్యం సుమారు 60 శాతం, 18 అయితే సుమారు 68.5 శాతం. డీజిల్ ఇంజన్‌లో ఇంధనాన్ని కొంతసేపు చిమ్ముతుండగా, పిస్టన్ దిగుతుండగానే అది మండుతుంది కాబట్టి ఆ లాభంలో కొంత తరుగుతుంది గాని, మొత్తం పోదు. పైగా తక్కువ లోడ్‌లో పెట్రోల్ ఇంజన్ గాలి దారిలోని థ్రాటిల్ అనే మూతను కొంత మూసి గాలిని అడ్డుకోవాలి, ఆ గాలిని లాగడానికే కొంత పని ఖర్చవుతుంది. డీజిల్‌లో ఇంధనం తగ్గిస్తే చాలు.

దీనికి డీజిల్ చెల్లించే మూల్యం చిన్నది కాదు. అంత పీడనాన్ని తట్టుకోవడానికి బరువైన బ్లాక్, క్రాంక్ కావాలి. మసి, నైట్రోజన్ ఆక్సైడ్ల శుద్ధికి ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. తేలికగా ఉండి, వేగంగా తిరగాలంటే పెట్రోలే నయం.

రెండు స్ట్రోకుల చిన్న పెట్రోల్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు ముందుగానే తెరుచుకుని వ్యాకోచం తగ్గిపోతుంది, కాబట్టి ఈ పోటీలో దానికి చోటు లేదు. పిస్టన్‌కు బదులు గుండ్రంగా తిరిగే రోటర్ ఉండే వాంకెల్ ఇంజన్ నునుపుగా తిరుగుతుంది గాని ఇంధనం ఎక్కువ తాగుతుంది.

గంటల తరబడి భారం లాగే పనికి నేను నిస్సంకోచంగా డీజిల్‌నే ఎంచుకుంటాను. తరచూ ఆగుతూ, కదులుతూ సాగే తేలిక వాహనానికైతే, గాలిని లోపలికి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వ్‌ను ఆలస్యంగా మూసి తక్కువ నొక్కి ఎక్కువ వ్యాకోచింపజేసే అట్కిన్సన్ పద్ధతి పెట్రోల్ ఇంజన్ మేలు. ఆ పద్ధతిలో ఇంజన్ బలం కొంత తగ్గుతుంది. 1997లో వచ్చిన టయోటా ప్రియస్‌లో ఆ కొరతను విద్యుత్ మోటారు పూరించింది.