2024 ఆటల్లో ఏడాది తర్వాత కూడా నేను తీసేయనివి

గేమ్ విడుదలైన వారంలోనే రాసే సమీక్షలు నేను పెద్దగా పట్టించుకోను. కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి, అందరూ దాని గురించే మాట్లాడుకుంటూ ఉంటే మనకీ ఊపు వస్తుంది. ఏడాది గడిచాక, డిస్కులో చోటు చాలక ఏది తీసేద్దామా అని చూసుకున్నప్పుడు ఏ ఆట మీద చెయ్యి వెనక్కి వస్తుందో అదే నిజంగా నచ్చినది. 2024లో వచ్చినవాటిలో నాకు అలా మిగిలినవి బలాట్రో, యానిమల్ వెల్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్. ఆస్ట్రో బాట్ కూడా ఉంది గానీ అది మా అక్క పిల్లలది అనాలి. ఇందులో ఎక్కువగా బలాట్రో గురించే ఉంటుంది, నేను ఎక్కువ ఆడింది అదే, చెప్పాల్సింది ఎక్కువ ఉన్నదీ దాని గురించే.

బలాట్రో 2024 ఫిబ్రవరిలో కంప్యూటర్లకీ కన్సోళ్లకీ వచ్చింది, సెప్టెంబరులో ఫోన్లకి. చేసింది కెనడాలో ఉండే ఒకే ఒక్క మనిషి, లోకల్‌థంక్ అన్న పేరుతోనే అందరికీ తెలుసు. మొదటి నెలలోనే పది లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. చూడగానే పోకర్‌లా ఉంటుంది, మనకి పోకర్ రాదు కదా అని నా స్నేహితులు చాలామంది పక్కన పెట్టేశారు. పోకర్ రావక్కర్లేదు. ఇంట్లో రమ్మీ ఆడినవాళ్లకీ, సంక్రాంతికి మూడు ముక్కలాట పక్కన కూర్చుని చూసినవాళ్లకీ సగం తెలిసినట్టే: జత, రెండు జతలు, ఒకే అంకె మూడుసార్లు, వరసగా ఐదు ముక్కలు, ఐదూ ఒకే జాతివి అయితే ఫ్లష్. ఎదురుగా ఇంకో ఆటగాడు ఉండడు, బ్లఫ్ ఉండదు, పందెం ఉండదు. చేతిలో ఎనిమిది ముక్కలు, వాటిలోంచి ఒక్కసారికి ఐదు దాకా దింపొచ్చు, అలా నాలుగుసార్లు. నచ్చనివి పారేసి కొత్తవి తీసుకోవడానికి మూడు అవకాశాలు. ఈలోపు ఆట అడిగిన స్కోరు దాటాలి.

స్కోరు ఎలా వస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను, దాంట్లోనే ఆట మొత్తం ఉంది. మొదటి రౌండు 300 అడుగుతుంది. నా చేతిలో ఆటీన్లలో ఆసు, రాజు, పది, ఏడు, నాలుగు ఉన్నాయనుకోండి. ఫ్లష్‌కి మామూలుగా 35 చిప్స్ (అంటే పాయింట్లు), 4 మల్ట్ (ఆ పాయింట్లను గుణించే అంకె) ఇస్తారు. ముక్కల విలువ ఆసుకి 11, రాజుకి 10, మిగతావాటికి వాటి అంకె, అంతా కలిపి 42. 35కి 42 కలిపితే 77, దాన్ని 4తో గుణిస్తే 308. ఒక్క దింపుడుకే రౌండు అయిపోయింది. అదే రాజుల జత దింపితే 60 దగ్గర ఆగిపోతాం. ఇంతవరకు చిన్న లెక్క. మూడు రౌండ్లు కలిస్తే ఒక అంచె, దాని చివరిది బాస్ అనే కష్టమైన రౌండు. ఎనిమిదో అంచెకు వచ్చేసరికి చివరి బాస్ కనీసం లక్ష అడుగుతాడు, ఉత్త ముక్కలతో అక్కడికి చేరడం జరిగే పని కాదు. అందుకే జోకర్లు.

జోకర్లు మొత్తం 150, మన దగ్గర ఒకేసారి ఐదు ఉంచుకోవచ్చు. ఒక్కో జోకర్‌ది ఒక్కో గుణం. కొన్ని మల్ట్‌కి కలుపుతాయి, కొన్ని మల్ట్‌ని గుణిస్తాయి, ఎడమ నుంచి కుడికి వరసలో పనిచేస్తాయి. ఇందాకటి ఫ్లష్‌నే తీసుకుందాం. మల్ట్‌కి 4 కలిపే జోకర్ ఎడమ పక్క, మూడింతలు చేసేది కుడి పక్క పెడితే నాలుగూ నాలుగూ ఎనిమిది, ముమ్మారు ఇరవై నాలుగు, స్కోరు 1,848. అవే రెండింటినీ తారుమారు చేస్తే మల్ట్ 16, స్కోరు 1,232. అవే ముక్కలు, అవే జోకర్లు, పెట్టిన వరస మాత్రమే తేడా. ముక్కలు దింపేముందు ఎంత వస్తుందో ఆట చూపించదు. ఇది లోపం అనేవాళ్లున్నారు, నాకు మాత్రం ఇదే దీని ప్రాణం. ముందే చూపిస్తే అన్నీ మార్చి మార్చి చూసి పెద్ద అంకె వచ్చింది దింపేస్తాం, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. చూపించకపోవడం వల్ల మనసులో లెక్క కట్టుకుంటాం, చాలదేమో అనిపించినా దింపుతాం, ఆ స్కోరు గిర్రున తిరిగి అంకెలకు మంట అంటుకున్నప్పుడు వచ్చే ఆనందం మన లెక్క నిజమైనందుకు వచ్చేది.

ప్రతి రౌండు తర్వాత అంగడి ఉంటుంది. చేతిలో ఉన్న ప్రతి ఐదు డాలర్లకు (ఆటలోని ఉత్తుత్తి డబ్బే) ఒక డాలరు వడ్డీ, అదీ గరిష్ఠంగా ఐదు, అంటే పాతిక డాలర్లు దాచుకుంటే చాలు. కొత్తగా ఆడేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: కనిపించిన జోకర్‌నల్లా కొనకండి, ముందు పాతిక చేరనివ్వండి. రెండోది, కట్ట పలచన చేయడం. టారో అని ఒక్కసారి వాడుకునే ప్రత్యేక ముక్కలు ఉంటాయి, వాటిలో హ్యాంగ్డ్ మ్యాన్ అని ఒకటి, దాంతో రెండు ముక్కల్ని కట్టలోంచి శాశ్వతంగా తీసేయొచ్చు. యాభై రెండు ముక్కలూ అలాగే ఉంచుకుని ఆడితే కావాల్సిన ముక్క పడదు. రమ్మీలో మన అదృష్టం కట్ట చేతిలో ఉంటుంది, ఇక్కడ ఆ కట్టనే మనం తయారు చేసుకుంటాం.

బాస్‌లు ఇంకో ఎత్తు. ప్రతి అంచెలో మూడో రౌండుకి ఒక బాస్, వాడికొక ఆంక్ష. ఒకడు ఆటీన్లన్నీ చెల్లవంటాడు, ఒకడు దింపిన రకమే మళ్లీ దింపకూడదంటాడు, నీడిల్ అయితే ఒక్కసారే దింపనిస్తాడు. మంచి విషయం ఏంటంటే అంచె మొదట్లోనే బాస్ ఎవరో తెలిసిపోతుంది, రెండు రౌండ్లూ రెండు అంగళ్లూ ఉంటాయి సర్దుకోవడానికి. ఒకసారి నా కట్ట దాదాపు సగం ఆటీన్లే, ఆరో అంచెలో ఆటీన్లు చెల్లవనే బాస్ వచ్చాడు. రెండో అంగట్లో లుచాడోర్ అనే జోకర్ దొరికింది, బాస్ రౌండులో దాన్ని అమ్మేస్తే ఆ ఆంక్ష రద్దవుతుంది. దానికి చోటు కోసం బాగా పనిచేస్తున్న ఒక జోకర్‌ని వదులుకోవాల్సి వచ్చింది, మెట్రోలో నిలబడి ఆడుతున్నాను, ఆ టెన్షన్‌లో దిగాల్సిన స్టేషన్ వచ్చిందని కూడా చూసుకోలేదు. ఆ గేమ్ గెలిచాను.

చిన్న చిన్న వివరాల్లో కూడా ఎంత ఆలోచించారో చూడండి. గ్రో మిషెల్ అని అరటిపండు జోకర్ ఒకటుంది, మల్ట్‌కి 15 కలుపుతుంది, కానీ ప్రతి రౌండు చివర ఆరింట ఒక వంతు చచ్చిపోయే అవకాశం. అది పోయాకే అంగట్లో కావెండిష్ అనే ఇంకో అరటిపండు కనిపించడం మొదలవుతుంది, అది మల్ట్‌ని మూడింతలు చేస్తుంది, దాదాపు ఎప్పటికీ పోదు. ఇది నిజంగా జరిగిన చరిత్ర. ఒకప్పుడు ప్రపంచమంతా ఎగుమతయ్యే అరటి గ్రో మిషెల్, పనామా తెగులు దాన్ని దెబ్బతీశాక ఆ స్థానంలోకి కావెండిష్ వచ్చింది. మన అనంతపురం, కడప తోటల నుంచి విదేశాలకు వెళ్లే జీ9 అరటి కూడా కావెండిష్ జాతిదే.

ఇక ఇంట్లో వచ్చిన ప్రశ్న. ఫోన్‌లో ఇస్పేటు, కళావరు కనబడగానే అమ్మ ముఖం మారిపోయింది. “డబ్బులు పెట్టి ఆడుతున్నావా నాన్నా?” అంది. ఆవిడ భయంలో తప్పేమీ లేదు, ఆన్‌లైన్ రమ్మీ మన దగ్గర ఎన్ని ఇళ్లు కూల్చిందో అందరికీ తెలుసు, అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ కేంద్రమూ చట్టం చేసింది. బలాట్రోలో డబ్బు పెట్టేదీ లేదు, వచ్చేదీ లేదు. ఒక్కసారి కొంటే అంతే, లోపల ఇంకేదీ కొనమనదు, ప్రకటనలు రావు, రోజూ రమ్మని నోటిఫికేషన్ పంపదు. యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చే పెగీ కూడా జూదం బొమ్మలున్నాయని 18 అని పెట్టి, ప్రచురణకర్త అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో 12కి తగ్గించింది. ఈ ఆట హక్కులు జూదం కంపెనీలకు ఎప్పటికీ అమ్మకూడదని తన వీలునామాలో రాయించానని లోకల్‌థంక్ చెప్పాడు. అమ్మకి ఇదంతా చెప్పి ఓ గేమ్ ఆడి చూపించాను. జతలు కలపడం చూసి ఇప్పుడు పక్కన కూర్చుని “ఆ రాణి పారెయ్యకు” అంటోంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఫోన్‌లో జోకర్ల వివరాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, మీద వేలు పెట్టి చదువుకోవాలి, చిన్న తెర ఉన్నవాళ్లకు కళ్లు లాగేస్తాయి. ఎనిమిది కష్టస్థాయిల్లో చివరిదైన గోల్డ్ స్టేక్‌లో అదృష్టం పాలు మరీ ఎక్కువ. అమ్మడానికి వీల్లేని జోకర్లు, ఐదు రౌండ్లకే పనికిరాకుండా పోయేవి, రౌండుకి మూడు డాలర్లు అద్దె అడిగేవి అన్నీ కలిసి వచ్చి పడతాయి. మొదటి రెండు అంగళ్లలో ఏమీ తగలకపోతే ఎంత తెలివిగా ఆడినా లాభం లేదు. అక్కడి దాకా వెళ్లక్కర్లేదు, అన్నిటికంటే సులువైన వైట్ స్టేక్‌లో రకరకాల కట్టలతో గెలవడంలోనే నెలల కొద్దీ సరదా ఉంది.

యానిమల్ వెల్ దగ్గరికి వద్దాం. ఇదీ ఒక్కడే చేసిన ఆటే, బిల్లీ బాసో, సుమారు ఏడేళ్లు పట్టింది, ఆటను నడిపే గేమ్ ఇంజన్ కూడా సొంతంగా రాసుకున్నాడు. 2024 మేలో వచ్చింది. అదే ఏడాది వచ్చిన బ్లాక్ మిత్: వుకాంగ్ కంప్యూటర్లో 130 జీబీ చోటు అడుగుతుంది, యానిమల్ వెల్ మొత్తం కలిపి 50 ఎంబీ కూడా లేదు. ఆఫీసు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడిచింది.

ఇందులో మనం ఒక చిన్న ముద్దలాంటి ప్రాణి. చీకటి, నీళ్లు, వింత జంతువులు. కత్తి లేదు, తుపాకీ లేదు, కథ చెప్పేవాళ్లు లేరు, చదవాల్సిన మాటలు దాదాపు లేవు, కాబట్టి ఇంగ్లీషు రాని పిల్లలు కూడా ఆడొచ్చు. మన చేతికి వచ్చేవన్నీ బొమ్మల కొట్టు సరుకే: బుడగలు ఊదే పుల్ల, విసిరితే తిరిగొచ్చే పళ్లెం, యోయో, పిల్లనగ్రోవి, టపాకాయలు. టపాకాయ పేలిస్తే దయ్యాలు పారిపోతాయి. పళ్లెం విసిరితే కుక్క దాని వెనక పరిగెడుతుంది, ఆ సందులో మనం దాటిపోవాలి. కొన్నాళ్లకు తెలుస్తుంది ఆ పళ్లెం ఎగురుతుండగానే దాని మీదికి దూకి సవారీ చేయొచ్చని. ఎవరూ చెప్పరు, మొదటి గంట నుంచీ ఆ వీలు మన చేతిలోని వస్తువులోనే దాగి ఉంటుంది. నాలుగు జ్వాలలు తెచ్చి చివరి బాస్‌ని దాటితే పేర్లు పడతాయి, ఆట అయిపోయిందనిపిస్తుంది. నిజానికి అక్కడి నుంచే అసలు వేట. 64 గుడ్లు దాగి ఉంటాయి, వాటి తర్వాత కుందేళ్లు. ఒక కుందేలు పజిల్ అయితే ఒక్కరి వల్ల కాదు, ఒక బొమ్మలోని 50 ముక్కల్లో ఒక్కో ఆటగాడికి ఒక్కటే కనిపిస్తుంది, అందరూ కలిపి చూసుకోవాలి. గుడ్ల వరకు ఎవరి సాయమూ తీసుకోకుండా ఆడండి, ఆ తర్వాతవి వెతికి చదువుకోండి. నేను అలాగే చేశాను, సరిగ్గా సరిపోయింది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్ 2024 జనవరిలో వచ్చింది, ఫ్రాన్స్‌లోని యూబీసాఫ్ట్ మోంపెల్యే స్టూడియో వాళ్లది. హీరో సార్గాన్ అనే యోధుడు, ఎత్తుకుపోయిన యువరాజును వెతుక్కుంటూ కాఫ్ పర్వతానికి వెళ్తాడు. పాత్రల మాటలు పర్షియన్ భాషలో పెట్టుకుని ఆడొచ్చు, నేను అలాగే ఆడాను, ఆ కోటలకూ ఆ పేర్లకూ ఆ గొంతులే నప్పాయి. పోరాటంలో శత్రువు పసుపు రంగులో మెరిస్తే సరిగ్గా ఆ క్షణంలో అడ్డుకోవాలి, ఎర్రగా మెరిస్తే తప్పుకోవాలి, ఆ లయ చేతికి అలవాటైందంటే ఒక్కో బాస్‌తో గొడవ నాట్యంలా సాగుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న సదుపాయం. ఇలాంటి ఆటల్లో ఇప్పుడు వెళ్లలేని చోట్లు బోలెడు ఉంటాయి, కొత్త శక్తి వచ్చాక మళ్లీ రావాలి, అప్పటికి ఎక్కడేముందో గుర్తుండదు. ఇందులో ఒక్క బటన్ నొక్కితే కళ్లముందున్న దృశ్యం ఫోటో తీసి మ్యాపులో ఆ చోటే అంటిస్తుంది. పదిహేను రోజులు ఆట ముట్టకపోయినా మ్యాప్ తెరవగానే అన్నీ గుర్తొచ్చేస్తాయి. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఆడేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. కథ చివరి మూడో వంతులో సాగదీశారు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి త్వరగా చేర్చే స్థానాలు తక్కువ, తిరిగిన దారే తిరగాల్సి వస్తుంది. ఇంత మంచి ఆట చేసిన జట్టును ఆ ఏడాది అక్టోబరులోనే విడదీసి వేరే ప్రాజెక్టులకు పంపేశారు, అది తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. 2025 ఏప్రిల్‌లో ఫోన్లకు కూడా వచ్చింది గానీ కంట్రోలర్ లేకుండా ఆడకండి, తెర మీద వేళ్లతో ఆ దూకుళ్లు సాధ్యం కావు.

ఆస్ట్రో బాట్ గురించి రెండు ముక్కలే. 2024 సెప్టెంబరులో సోనీ పీఎస్5 కన్సోల్‌కి వచ్చింది, డిసెంబరులో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆట అదే. గడ్డి మీద నడిస్తే ఒకలా, ఇనుము మీద నడిస్తే ఇంకోలా కంట్రోలర్ చేతిలో కదులుతుంది. పిల్లలు ఆటలో ఒకరు చచ్చిపోగానే ఇంకొకరికి కంట్రోలర్ ఇవ్వాలని ఒప్పందం చేసుకున్నారు, “మామయ్యా, ఇప్పుడు నీ వంతు” అని నాకూ ఇస్తారు. 300 బాట్‌లని రక్షించాలి, వాళ్లు ఒక్కటి కూడా వదలడం లేదు.

ఫోన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లు బలాట్రోతో, పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు యానిమల్ వెల్‌తో మొదలుపెట్టండి. ప్రిన్స్ తరచుగా పెద్ద తగ్గింపులో వస్తుంది, అప్పుడు కొనండి. నాకు బలాట్రోలో బ్లాక్ డెక్ అనే కట్టతో గోల్డ్ స్టేక్ ఇంకా లొంగలేదు, ఆ కట్ట ఆరు జోకర్లు పెట్టుకోనిస్తుంది గానీ మూడుసార్లే దింపాలి, రెండుసార్లే పారేయాలి. దాటినవాళ్లుంటే మొదటి రెండు అంచెల్లో ఏం కొన్నారో చెప్పండి.