డెన్మార్క్ టేబుల్ జెండాల సెట్: బట్ట ఓకే, నేవీ జెండా రంగే తేడా

కోపెన్‌హాగన్‌లో ఓ చిన్న షాపులో కొన్నాను, చెక్క స్టాండు మీద ఐదు జెండాలు. బట్ట మందంగా ఉంది, కుట్టు నీట్‌గా ఉంది, ఆ విషయంలో వంక పెట్టను. ఎర్ర బట్ట మీద తెల్ల శిలువ ఉండే మామూలు దన్నెబ్రో, అంటే డెన్మార్క్ జాతీయ జెండా, బాగానే వచ్చింది. గొడవంతా నేవీ జెండాతోనే. చివర రెండుగా చీల్చారు, అంతవరకు కరెక్టే, కానీ దాని ఎరుపు మామూలు జెండా కంటే ముదురుగా ఉండాలి కదా, వీళ్లు రెండింటికీ ఒకటే రంగు కొట్టేశారు!

రాజు జెండా మధ్యలో తెల్ల చదరం, అందులో రాజచిహ్నం. 2025 జనవరిలో బయటపెట్టిన కొత్త చిహ్నంలో మూడు కిరీటాలు తీసేసి, డెన్మార్క్ రాజ్యంలోనే ఉన్న గ్రీన్‌లాండ్ ధ్రువపు ఎలుగుబంటికీ ఫారో దీవుల పొట్టేలుకీ చెరో గడి ఇచ్చారు. నాకిచ్చిన దాంట్లో ఆ కిరీటాలు అలాగే ఉన్నాయి, అంటే పాత స్టాకు అంటగట్టారన్నమాట. మార్చమంటే కుదరదన్నారు.

సెట్‌లో నాకు నచ్చింది గ్రీన్‌లాండ్‌ది. 1985లో వచ్చిన జెండా, శిలువ లేదు, పైన తెలుపు, కింద ఎరుపు, కర్ర వైపు జరిగిన వృత్తంలో అవే రంగులు తిరగేసి ఉంటాయి. ఆ వృత్తం అంచు దగ్గర కూడా రంగు పాకలేదు. ఫారో జెండాలో ఎర్ర శిలువ చుట్టూ నీలం గీత కాస్త సన్నగా పడింది, పర్లేదు.

అలంకరణకైతే తీసుకోండి. జెండాల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం రాజచిహ్నం చూశాకే డబ్బులివ్వండి. ఐదుకి మూడు స్టార్లు.