ఆరేళ్లుగా క్వాంటం డాట్స్ వాడాక నా అభిప్రాయం

క్వాంటం డాట్స్ అంటే కాంతి పడితే వెలిగే నానో సైజు సెమీకండక్టర్ స్ఫటికాలు. వీటి మీద చేసిన పనికి 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయన నోబెల్ వచ్చినప్పటి నుంచి కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "మామూలు డైలు (వెలిగే రంగులు) మానేసి డాట్స్‌కు మారిపోవచ్చా?" అన్నిటికీ వద్దు. కణం పైపొర మీద ఒక్కో రిసెప్టర్ (బయటి సంకేతాలను అందుకునే ప్రోటీన్) ఎటు కదులుతోందో చూడాలంటే మాత్రం తప్పకుండా మారండి.

నా పని అదే. డైలు వాడే రోజుల్లో ఫోకస్ సరిచూసుకునేలోపే వెలుగు ఆరిపోయేది. డాట్ అయితే నిమిషాల తరబడి వెలుగుతూనే ఉంటుంది. మొదటిసారి ఒక్క చుక్క వెంట అంతసేపు వెళ్లగలిగిన రోజు ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

నేను వాడేవి లోపల కాడ్మియం సెలినైడ్, పైన జింక్ సల్ఫైడ్ పొర ఉన్నవి. పదార్థం ఒకటే, సైజు పెరిగేకొద్దీ రంగు నీలం నుంచి ఎరుపు వైపు జరుగుతుంది. ఒక్క 405 నానోమీటర్ల లేజర్‌తో అన్నీ వెలుగుతాయి. బతికున్న కణాలకు ఆ కాంతి మంచిది కాదు, అందుకే నేను 488 నానోమీటర్ల లేజర్ వాడతాను. 565, 605, 655 నానోమీటర్ల దగ్గర వెలిగే మూడు రంగుల డాట్స్ కలిపి పెట్టినా ఒకదాని వెలుగు ఇంకోదాని ఫిల్టర్‌లోకి పెద్దగా రాదు.

ఇక ఇబ్బందులు. డాట్ మధ్యమధ్యలో ఆరి వెలుగుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఒకే దారిని రెండు ముక్కలుగా లెక్కేస్తుంది. అయితే అలా మినుకుమంటోందంటే అక్కడ ఉన్నది గుంపు కాదు, ఒకే డాట్ అని నమ్మకం కూడా కుదురుతుంది. నన్ను ఎక్కువ ఏడిపించింది స్ట్రెప్టావిడిన్, అంటే డాట్ మీద ఉండి, రిసెప్టర్‌కు తగిలించిన బయోటిన్ అనే చిన్న అణువును పట్టుకునే ప్రోటీన్. ఒక్కో డాట్ మీద అవి చాలా ఉంటాయి కాబట్టి రెండు మూడు రిసెప్టర్లను ఒకచోటికి లాగేస్తాయి. కదలిక నెమ్మదించిందని సంబరపడ్డాను, తీరా చూస్తే అది డాట్ చేసిన పని! కొన్ని నెలల డేటా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు డాట్స్ చాలా పలుచన చేసి, బయోటిన్ కూడా బాగా తగ్గించి వేస్తాను.

పూతలు, ప్రోటీన్లు కలిపితే డాట్ 15 నుంచి 20 నానోమీటర్లు అవుతుంది. ఇరుకు సందుల్లోకి వెళ్లదు. కణం లోపలికి పంపితే ఎండోసోములనే చిన్న సంచుల్లోనే చిక్కుకుపోతుంది.

సెన్సర్‌గానూ వాడాను. డాట్‌కు పెప్టైడ్‌తో (చిన్న ప్రోటీన్ ముక్కతో) ఒక డై కట్టాలి. అప్పుడు డాట్ తన శక్తిని డైకి ఇచ్చి దాన్ని వెలిగిస్తుంది. ఎంజైమ్ ఆ పెప్టైడ్‌ను తెంపగానే డై వెలుగు తగ్గి డాట్ వెలుగు పెరుగుతుంది. ట్యూబులో చక్కగా పనిచేసింది, కణంలో కుదరలేదు.

సీసాను 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఒకసారి ఎవరో ఫ్రీజర్‌లో పెట్టారు, మొత్తం గడ్డకట్టి ముద్దలైపోయింది. వాడేశాక సింక్‌లో పోయకండి, అందులో కాడ్మియం ఉంది. వ్యర్థాలకు వేరే సీసా పెట్టుకోండి.